ఎర్ర లైటు కొట్టుకున్నంత సేపు

నాలుగు రోజులు వాన కొట్టింది. నాలుగు రోజులు కరెంటు లేదు. ఐదో రోజు పొద్దున ఎనిమిది దాటాక కరెంటు వచ్చింది, వీధిలో సాంచాలన్నీ ఒక్కసారి లేచాయి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. అవి నడుస్తుంటే ఇద్దరు మాట్లాడుకోవాలన్నా ఒకరి చెవిలో ఒకరు అరవాలి.

ఆ చప్పుడులో అంబదాసు వచ్చి నా షాపు మెట్టు మీద నిలబడ్డాడు. నాలుగు రోజులు సాంచాలు ఆగినందుకు అతని జుట్టులో నూలు పొట్టు లేదు. ఇరవై ఏళ్లుగా తెల్లగా చూసిన తల నల్లగా కనిపించేసరికి ఎవరో అనుకున్నాను.

"బావా, డబ్బ లేస్తలేదు," అన్నాడు.

"కూత వెడుతుందా?"

"పెడుతుంది. పొడుగ్గ ఒకటి. జెరసేపు ఆగి ఇంకోటి. తప్పిపోయిన బర్రె ఒర్రినట్టు."

"అనసూయ?"

అతను మెట్టు దిగి వీధి వైపు తిరిగాడు. నేను సంచీ తీసుకుని షట్టరు దించాను.

నేను ఏడో తరగతి దాకా చదివాను. సాంచాల మోటార్లు చుడతాను. పాత కంప్యూటర్లు బాగుచేస్తాను. కొత్తవి నా దగ్గరికి రావు. వేరే వాళ్లు చేతులు ఎత్తేసినవి వస్తాయి. అంబదాసు ఇంట్లో ఉన్నది వాటన్నిటికంటే పాతది. దాని సంగతి చెప్పాలి.

పదకొండేళ్ల కింద అంబదాసు భార్య అనసూయ సాంచా పక్కన కూర్చుని నూలు కండెలు చుడుతోంది. సాంచాలో అటూ ఇటూ ఉరికే నాడె, రెండు కొసలకూ ఇనుప ములికి ఉన్న కట్టె ముక్క, దారి తప్పి ఎగిరి ఆమె ఎడమ చెవి పైన తగిలింది. బతికింది. నెల తర్వాత నడిచింది, వండింది, అందరినీ గుర్తుపట్టింది. కానీ నిద్రపోయి లేస్తే మళ్లీ ఆ రోజే. ప్రతి పొద్దునా ఆమెకు నాడె తగిలిన నాటి పొద్దునే. లేచి కూర్చుని, "ఎన్ని కండెలైనయి?" అని అడిగేది. ముందు రోజు చూసింది, విన్నది ఒక్కటి కూడా ఉండేది కాదు.

హైదరాబాదులో ఒక పరిశోధనశాల వాళ్లు ఇట్లాంటి వాళ్లను తొమ్మిది మందిని ఎంచుకున్నారు. శేషు సార్ అని ఒక బక్కపలచని మనిషి జీపులో డబ్బా తెచ్చి ఇంట్లో పెట్టాడు. డబ్బా అంటే మామూలు కంప్యూటరే. పక్కన ఒక ఇనుప పెట్టె, దానికి తీగలు కుట్టిన గుడ్డ పట్టీ. పడుకునే ముందు ఆ పట్టీ నుదుటికి కట్టుకుంటే, ఆ రోజంతా ఆమె తలలో చేరినదాన్ని డబ్బా రాసుకుంటుంది. తెల్లారి ఆమె లేవకముందే, రాసుకున్నదంతా తిరిగి తలలోకి ఎక్కిస్తుంది. రాత్రిదాన్ని ఇంట్లో వాళ్లు రాత అన్నారు. పొద్దుటిదాన్ని ఎత్తుడు అన్నారు.

మొదటి ఎత్తుడు రోజు అనసూయ లేచి, "నిన్న సారు చాయల చక్కెర ఎక్కువేస్కున్నడు," అంది. అంబదాసు గోడకు ఆనుకుని ఏడ్చాడు. నిన్న అనే మాట ఆమె నోట విని అప్పటికి ఏడు నెలలు.

రెండేళ్లకు పరిశోధనశాల మూతపడింది. శేషు సార్ ఒక రిజిస్టరు, ఒక ఫోన్ నంబరు ఇచ్చి పోయాడు. నంబరు ఒక ఏడాది మోగింది. తర్వాత ఒక్కో ఊళ్లో ఒక్కో డబ్బా మూలపడుతూ వచ్చింది. వరంగల్ దిక్కు ఒకాయన రోజూ పొద్దున లేచి, చచ్చిపోయిన భార్యను నీళ్లు తోడమని పిలుస్తాడని విన్నాం. తొమ్మిదిట్లో మిగిలింది ఇదొక్కటే. ఎన్నడూ ఆపలేదు కాబట్టి మిగిలింది. సాంచాలకు లేని ఇన్వర్టర్ అంబదాసు ఆ డబ్బాకు పెట్టాడు. నాలుగు రోజుల వానకు ఇన్వర్టర్ కూడా ఒట్టిపోయింది. మూడు పొద్దులుగా అనసూయకు ఎత్తుడు లేదు.

మేం పోయేసరికి ఆమె ముందరింట్లో మంచం మీద కూర్చుని ఉంది. వెనక ఆమె కూతురు హారిక జడ వేస్తోంది. హారికకు పందొమ్మిదేళ్లు, డిగ్రీ చదువుతోంది. గోడకు అద్దం తీసేసిన చోట సున్నం తెల్లగా, నలుచదరంగా కనిపిస్తోంది.

"కొమ్రన్నా, మోటరు మళ్ల కాలిందా?" అంది అనసూయ నన్ను చూసి. "నీ తల ఏందే, ముగ్గుబుట్ట లెక్కయింది?"

"ఎండకు తెల్లవడ్డది చెల్లె."

"ఎండకు నల్లవడుతరు గని తెల్లవడుతరా? అబద్ధం గూడ ఆడరాదు నీకు." నవ్వింది. "ఈ పిల్లను చూసినవా? మా పెద్దనాయిన మనుమరాలట. ఎన్నడు రాంది ఇయ్యాల వచ్చింది. మంచిగ జడేస్తది. మా హారిక బడికెల్లి వచ్చినంక దానిక్కూడ వెయ్యాలె పిల్లా."

"సరే చిన్నమ్మా," అంది హారిక. ఆమె వేళ్లు జడలో ఒక్క క్షణం ఆగి మళ్లీ కదిలాయి.

"మా పిలగాన్ని అమ్మ తోల్కవోయిందట. రెండేండ్ల పోరన్ని. పాలకు ఏడుస్తడో ఏమో," అని అనసూయ నాతో చెప్పింది.

నేను లోపలికి పోయాను.

డబ్బా పక్క రేకు విప్పితే ఫ్యాను మీద నూలు పొట్టు కంబళిలా అల్లుకుని ఉంది. చేత్తో పట్టి లాగితే ముద్దగా వచ్చింది. పొడుగు కూత అంటే మెమరీ కార్డు సరిగ్గా అంటడం లేదని. వానకు చెమ్మ పట్టి ఉంటుంది. కార్డు బయటికి తీసి, దాని ఇత్తడి పళ్లను పిల్లల రబ్బరుతో రుద్దాను. రబ్బరు నల్లబడింది. నోటితో ఊదకూడదు, ఉమ్మి పడుతుంది. మెత్తటి గుడ్డతో తుడిచి, కార్డును మళ్లీ దాని గాడిలో టక్కుమనేదాకా నొక్కాను. కరెంటు ఇచ్చాను.

ఒక్కటే కూత. పొట్టిది. అంబదాసు ఊపిరి వదిలాడు.

తెర మీద తెల్ల అక్షరాలు వచ్చాయి. అవి నాకు నోటికి వచ్చు. మా దగ్గర పాత కంప్యూటర్లన్నిటికీ లోపలి గడియారపు బ్యాటరీ చచ్చే ఉంటుంది. అగ్గిపెట్టెలో పట్టేంత గుండ్రటి బిళ్ల. దాన్ని మార్చేవాళ్లు లేరు. పొద్దున ఈ అక్షరాలు వస్తాయి, ఎఫ్ వన్ కొడతారు, అక్షరాలు పోతాయి, పని మొదలవుతుంది. బళ్లో అంతే, రేషన్ దుకాణంలో అంతే, ఫోటో స్టూడియోలో అంతే. స్టూడియో కీబోర్డులో ఎఫ్ వన్ మీది అక్షరం అరిగి నున్నగైంది. కొట్టమని అందరికీ నేర్పింది నేనే.

ఎఫ్ వన్ కొట్టాను.

అక్షరాలు పోయాయి. డబ్బా ముందు భాగంలో ఎర్ర లైటు కొట్టుకోవడం మొదలైంది. ఆ లైటు కొట్టుకుంటే డిస్కు పనిచేస్తోందని లెక్క. సెకనుకు ఒకటి, ఒక్కోసారి రెండు. మంచిగా కొట్టుకుంటోంది. నాడి దొరికిన రోగిని చూసినట్టు చూశాను.

"ఎంతసేపు వడుతది?" అన్నాడు అంబదాసు.

"నాలుగు దినాలు ఆగిపాయె. అన్ని సరిజూస్కోవాలె గద. చాయ తాగొద్దాం పా."

మూలమీది హోటల్లో రెండు చాయలు చెప్పాడు. వద్దన్నా ఉస్మానియా బిస్కెట్లు చెప్పాడు.

"ఏడో తరగతికే గింత జేస్తివి. ఎనిమిది గిట్ల చదివితే మమ్ముల బతకనియ్యకపోదువు," అన్నాడు.

"ఎనిమిదిల ఇంగ్లీషు సారు కొడుతుండె. అందుకే మానేసిన."

"మంచిగైంది. నా అదృష్టం." బిస్కెట్టు చాయలో ముంచి, అది మెత్తబడి విరిగి పడేదాకా అట్లాగే పట్టుకున్నాడు. "మూడొద్దులు అబద్ధమాడిన బావా. ఒక్కొక్క పొద్దు లేసి, పోరడేడి, పోరడేడి అని ఇల్లంత దేవులాడుతది. ఇయ్యాల పాత చీరతోని ఉయ్యాల గట్టింది."

భరత్ అని వాళ్లకు ఒక కొడుకు. నాడె తగిలిననాడు రెండేళ్లవాడు. ఆరేళ్లప్పుడు జ్వరంతో పోయాడు. అప్పుడు అంబదాసు చేతిలో పండుగ చీరల ఆర్డరు ఉంది. నాలుగు రోజులు సాంచాలు ఆపలేదు. వీధి చివర సూదిమందు ఇచ్చే ఆయనతో రెండుసార్లు సూది వేయించాడు. ఐదో రోజు కరీంనగర్ తీసుకుపోయేసరికి పిల్లాడి కాళ్లు చల్లబడ్డాయి. ఆ తర్వాత అనసూయ ఏడాదిన్నర అంబదాసుతో మాట్లాడలేదు. అన్నం గిన్నె అతని ముందు పెట్టి లోపలికి పోయేది. మళ్లీ ఎప్పుడు మాట్లాడిందో, ఏమని మాట్లాడిందో ఊళ్లో ఎవరికీ తెలియదు. ఒక పొద్దున ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని కండెలు చుడుతూ కనిపించారు. ఇప్పటికి అయిదేళ్లుగా అట్లాగే కనిపిస్తున్నారు. డబ్బా అంటే అంబదాసుకు ఆ అయిదేళ్లు.

హోటల్లో అర్ధగంట కూర్చున్నాం. తొందర లేదనుకున్నాం.

తిరిగి వచ్చేసరికి హారిక తెర ముందు నిలబడి ఉంది. చేతిలో దువ్వెన అట్లాగే ఉంది.

"మామా," అంది నన్ను చూసి, "ఇది తారీఖులు ఎన్కకు లెక్కవెడుతుందేంది?"

తెర మీద ఒకదాని కింద ఒకటి తేదీలు పోతున్నాయి. రెండువేల పద్దెనిమిది జనవరి. డిసెంబరు. నవంబరు చివర. ప్రతి తేదీ పక్కన ఒకే ఇంగ్లీషు మాట. ఆ మాట నాకు కూడా వచ్చు. డిలీటెడ్. తెర కింది మూలన గడియారం చూశాను. ఒకటి జనవరి రెండువేల తొమ్మిది.

గోడలోంచి వైరు పీకేశాను.

లైటు ఆగిపోయింది. వీధిలో సాంచాలు నడుస్తూనే ఉన్నాయి.

శేషు సార్ ఇచ్చిన రిజిస్టరు అటక మీద ఉంది. ఇన్నేళ్లలో దాన్ని తెరిచే అవసరం రాలేదు. హారిక తెచ్చి మొదటి పేజీ పైకి చదివింది. నాలుగు వాక్యాలు, గుండ్రటి చేతిరాత.

"తేదీ సరిచూడకుండా యంత్రాన్ని నడపవద్దు. నేటి తేదీ కంటే తర్వాతి తేదీ ఉన్న ప్రతి రాతనూ యంత్రం చెడిన రాతగా భావించి, చివరి నుండి మొదలుపెట్టి తుడిచివేస్తుంది. తుడిచిన చోట సున్నాలు నింపుతుంది కనుక అది తిరిగి రాదు. ఒక మనిషి మనసు మరొకరి చేతిలో పడకూడదని అలా చేశాం."

అంబదాసుకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. నాకు చప్పున అర్థమైంది. కరెంటు పోయేసరికి, బిళ్ల చచ్చిన గడియారం పదిహేనేళ్లు వెనక్కి పోయింది. డబ్బాకు అనసూయ రోజులన్నీ ఇంకా రాని రోజులయ్యాయి. లైటు ఒక్కసారి కొట్టుకున్నప్పుడల్లా ఆమె రోజు ఒకటి పోయింది. నేను దాన్ని చూసి మంచిదే అనుకుని చాయకు పోయాను.

డిస్కు విప్పి షాపుకు తీసుకుపోయి, రాయకుండా చదవడం మాత్రమే చేసే తీగతో నా కంప్యూటరుకు కట్టాను. ముందు నుంచి అన్నీ ఉన్నాయి. వరసగా కిందికి పోయాను. చివరిది ఎనిమిది నవంబరు, రెండువేల పదిహేడు. దాని తర్వాత ఆరేళ్ల ఎనిమిది నెలలు లేవు.

కొత్త బ్యాటరీ బిళ్ల జేబులో వేసుకుని మధ్యాహ్నం దాటాక తిరిగి వచ్చాను. తేదీ చెప్పాను. అంబదాసు కొట్టలేదు, తిట్టలేదు. కొడితే బాగుండు.

"ఎనిమిదో తారీఖు రాత్రా?" అన్నాడు.

"రాత్రిదే. రాత పూర్తిగ ఉంది."

అతను గోడ పట్టుకుని మెల్లగా నేల మీద కూర్చున్నాడు. భరత్ పోయింది ఏడో తారీఖు మాపటికి. ఎనిమిది పొద్దున వాగొడ్డున పెట్టి వచ్చాం. నేను కూడా పోయాను. ఆ రాత్రిది మిగిలిన రాతల్లో చివరిది. హోటల్లో ఒక్క గుక్క ముందు లేచి ఉంటే ఇంకొన్ని రోజులు మిగిలేవి. రెండు మెరుపులు ఆలస్యంగా పీకి ఉంటే ఆ రెండు రోజులు కూడా పోయి, కొడుకు బతికున్న తల్లి మిగిలేది. రెండింటి నడుమ తెగ్గొట్టాను.

నేను డిస్కు బిగిస్తూ చెప్పాను. "ఇప్పుడు గడియారంల ఏ తారీఖు వెడితే, గా తారీఖు దాంక ఉన్న మనిషి లేస్తది. దాని తర్వాతవి ఉంటే తుడుస్తది. ఇయ్యాల్టి తారీఖు వెడితే ఏది తుడువది. ఎనిమిదో తారీఖు రాత్రి పండుకున్న అనసూయ రేపు పొద్దుగాల లేస్తది. ఆడికెల్లి మళ్ల రోజు రాస్కుంటపోవుడే."

అంబదాసు తల ఎత్తాడు. "మరి రెండో తారీఖు వెడితే?"

రెండో తారీఖుకు జ్వరం ఇంకా మొదలు కాలేదు.

"రెండో తారీఖు వెట్టు బావా."

"నాయినా!" అంది హారిక.

"నువ్వు ఊకో బిడ్డా."

"ఎందుకు ఊకోవాలె? రేపు లేసి తమ్ముడేడి అంటది. ఏం జెప్తవ్?"

"అమ్మమ్మ ఇంట్ల ఉన్నడని చెప్త."

"ఎల్లుండి?"

"గదే చెప్త."

"ఎన్నేండ్లు చెప్తవ్?"

"నేను సచ్చేదాంక చెప్త. నీకేం పోయింది? నిన్నైతే గుర్తువడుతది గద. పన్నెండేండ్ల దాంక పెంచింది యాదిలుంటది. నీకు గది సాలదా?"

"నాకు సాలుతది. అమ్మకు సాలుతదా? గా రాత్రి ఏమన్నదో నీకు యాదిలేదా? నేను తలుపు చాటుకున్న. నాకున్నది."

అంబదాసు తువ్వాలతో ముఖం తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. తర్వాత నా వైపు తిరిగి చెప్పాడు, కూతురితో చెప్పలేనట్టు.

"గా రాత్రి పట్టి దాసిన బావా. సాంచా కింద, నూలు బస్తల ఎన్క. ఒక్క రాత్రి కట్టకుంటె అయిపాయె. ఏడో తారీఖుది గూడ తీసేస్తె, పోరడు సచ్చింది ఆమెకు తెల్వకనే పోవు. నేనొక్కన్ని మోద్దుననుకున్న. మొత్తం దేవులాడింది. బస్తలన్ని గుంజి అవుతల వారేసి పట్టి తెచ్చింది. నా చేతుల వెట్టింది. రేపు నేను లేసి, సచ్చినోనికి అన్నం కలుపుకొని కూసుంటె నువ్వు సూస్కుంట ఉంటవా అన్నది. కట్టు అన్నది."

"కట్టినవా?"

"కట్టిన. ముడేస్తుంటె ఇంకో మాటన్నది. నా కొడుకును నువ్వే సంపినవ్, నీ సాంచలు సంపినయ్, గిది గూడ రాయాలె, మంచిగ బిగించి కట్టు, అన్నది. గా మాటతోనే కండ్లు మూసింది."

డబ్బాలో మిగిలిన చివరి మాట అది. రేపు ఎత్తుడైతే ఆమె ఆ మాట నోట్లో పెట్టుకునే లేస్తుంది. ఆ తర్వాత జరిగినదంతా, ఏడాదిన్నర మౌనం, అది తెగిన పొద్దు, ఎదురెదురుగా కూర్చున్న అయిదేళ్లు, నా చాయతో పోయాయి.

కొత్త బిళ్ల వేసి, డబ్బాకు కరెంటు ఇస్తూనే డిలీట్ మీట పట్టుకుని నొక్కాను. డబ్బా లోపలి గడియారం సరిచేసే నీలం తెర వచ్చింది. డిస్కు ఇంకా కదలదు. తేదీ దగ్గర చిన్న గీత మినుకుమినుకుమంటోంది. రోజూ నెలా ఆ రోజువే సరిచేసి, సంవత్సరం మాత్రం వదిలేశాను. రెండువేల తొమ్మిది. కీబోర్డు ఎత్తి అంబదాసు ఒడిలో పెట్టాను.

"నేనొకసారి కొట్టిన. ఇంక కొట్ట. కూడిక గుర్తు నొక్కితె ఏడాది ముంగటికి పోతది. పదిహేడు కాడ ఆగితె నాకు చెప్పు, నెల నేను మారుస్త. ఆగకపోతె ఇర్వై నాలుగు దాంక పోనీ."

అతని చూపుడు వేలి కొస మీద నూలు కోసిన గాట్లున్నాయి, ఆ గాట్లలో ఎర్ర రంగు పట్టి ఉంది. ఒక్కోసారి నొక్కి ఒక్కోసారి ఆగాడు. పది. పదకొండు. పదిహేను. పదిహేడు దగ్గర వేలు ఎత్తేశాడు.

నేను హారికను చూశాను. ఆమె నేలను చూస్తోంది.

ముందరింట్లోంచి అనసూయ పిలిచింది. "ఓ పిల్లా! బడి ఇడిసి ఎంతసేపాయె, మా హారిక ఇంక రాకపాయె. జెర మూలమీది దాంక పోయి సూసి రారాదు?"

హారిక లేచింది. "పోతున్న చిన్నమ్మా," అంది.

కిటికీలోంచి చూశాం. వీధిలోకి వెళ్లింది. మూల దాకా పోలేదు. పక్కింటి గోడ చాటున, తల్లికి కనబడకుండా నిలబడి, దుపట్టా నోటికి అడ్డం పెట్టుకుంది. బడి నుంచి వచ్చే పిల్లలు ఆమె పక్క నుంచి పోతున్నారు. కొంతసేపు అట్లా నిలబడి ముఖం తుడుచుకుని తిరిగి వచ్చింది.

"ఇంక ఇడువలేదట చిన్నమ్మా. వస్తది," అని ముందరింట్లో చెప్పడం వినిపించింది.

అంబదాసు వేలు మళ్లీ మీట మీద పెట్టాడు. ఈసారి ఆగకుండా నొక్కాడు. పద్దెనిమిది, పందొమ్మిది, ఇరవై. ఇరవై నాలుగు దగ్గర కీబోర్డు నా వైపు నెట్టి లేచి, సాంచాల షెడ్డులోకి పోయాడు. నేను తేదీని ఇంకోసారి సరిచూసి, మళ్లీ సరిచూసి, భద్రం చేశాను. ఎర్ర లైటు రెండుసార్లు మెరిసి ఆగిపోయింది. తుడవడానికి ఏమీ లేదు.

ఆ రోజుది పాత రాతల్లో కలవకుండా, ఆ రాత్రి రాత బంద్ చేసి ఎత్తుడు మాత్రం పెట్టాం.

తెల్లారి నేను పోయేసరికి అంబదాసు గడప బయట కూర్చుని ఉన్నాడు. లోపల హారిక తల్లి నుదుటి పట్టీ విప్పుతోంది. అనసూయ కళ్లు తెరిచింది. ఆమె ముఖంలోకి ఆ ఎనిమిదో తారీఖు ఎక్కడం కనిపించింది. తర్వాత లేచి కూర్చుని చీర సర్దుకుంది.

"తెల్లారింది. పోరడు వోయి మూడొద్దులాయె, పిట్టకు వెట్టాలె," అంది. "బియ్యం కడిగిండ్రా?"

ఆమె హారిక వైపు చూసింది. కాళ్ల నుంచి తల దాకా చూసింది. పన్నెండేళ్ల పిల్ల కోసం ఆమె వెనకకు చూసింది. మళ్లీ ఈమెనే చూసింది.

"నేనే అమ్మా," అంది హారిక.

అనసూయ చెయ్యి చాచి ఆమె గదుమ పట్టుకుంది. కింది పెదవి దగ్గర చిన్నప్పటి గాటు ఒకటి ఉంది. దాన్ని వేలితో తడిమింది.

"డబ్బ ఖరాబైందా?"

"అయింది."

"ఎన్ని దినాలు వోయినయి?"

హారిక విప్పిన పట్టీని చేతికి చుట్టసాగింది. అనసూయ ఆమె ముఖం చూసి, చెయ్యి తీసేసింది.

"తర్వాత చెప్పు. ముందుగాల బియ్యం కడుగు," అంది.

వాళ్లు అన్నం వండారు. వాడికి ఇష్టమని ఉల్లిగడ్డ వేయకుండా గుడ్డు వేయించారు. మోదుగాకులో కట్టారు. బయటికి వస్తూ అనసూయ గడప దగ్గర ఆగింది. అంబదాసు లేచి నిలబడ్డాడు.

"ఆయన రావద్దు," అంది, అతన్ని చూడకుండా.

మేం ముగ్గురం మానేరు ఒడ్డుకు నడిచాం. వానకు వాగు ఎర్రగా పారుతోంది. ఆమె లెక్కలో నిన్న తవ్విన మట్టి కోసం ఆమె కళ్లు వెతికాయి. అక్కడ మట్టి దిబ్బ లేదు. నేల చదునై గడ్డి మొలిచింది, పక్కన తుమ్మ చెట్టు మనిషెత్తు పెరిగింది. దాని కింద నల్లరాయి. రాయి మీద భరత్ అని చెక్కించింది అంబదాసే. అక్షరాల గాడుల్లో నాచు పట్టింది. అనసూయ కూర్చుని, గోటితో ఆ నాచు గీకింది. గీకిన కొద్దీ ఇంకా ఉంది.

"ఎన్నేండ్లు?" అంది.

"ఆరేండ్ల ఎనిమిది నెలలు," అంది హారిక.

ఆమె తల ఊపింది. లెక్క వేసుకుంటున్నట్టు చెట్టు పైదాకా చూసింది.

"నేను మంచిగ ఏడ్సిన్నా బిడ్డా?"

"ఏడ్సినవమ్మా. శాన ఏడ్సినవ్. తర్వాత తక్కువైంది."

"మీ నాయినతోని మాట్లాడిన్నా?"

"ఏడాదిన్నర అయినంక మాట్లాడినవ్."

"ఏమని మాట్లాడిన?"

"నాకు తెల్వది. ఎవ్వలకు చెప్పలే నువ్వు."

అనసూయ నా వైపు తిరిగింది. "కొమ్రన్నా, నీకేమన్న ఎరుకనా? గసొంటి మనిషితోని నేనెట్ల మాట్లాడిన?"

అప్పుడు చెప్పాను. "నీకు ఎరుకుండె చెల్లె. నేను తుడిపిన. గడియారం సూడకుంట మీట కొట్టి చాయకు వోయిన."

ఆమె నా తల వైపు, తర్వాత నా చేతుల వైపు చూసింది.

"నువ్వు గూడ జెర దూరం వో," అంది.

దూరం పోయాను. ఆమె ఆకు విప్పి రాయి ముందు ముద్దలు పెట్టింది. వాన వెలిసిన పొద్దు కదా, కాకులు తొందరగానే వచ్చాయి.

తుమ్మల వెనక బాట మీద అంబదాసు గొంతుక్కూర్చుని ఉన్నాడు. మా వెంట దూరం దూరంగా వచ్చినట్టున్నాడు. నేను పోయి పక్కన నిలబడ్డాను.

"పిట్ట ముట్టిందా?" అన్నాడు.

"ముట్టింది."

"ఏమన్న అడిగిందా?"

"నీతోని మళ్ల ఎట్ల మాట్లాడిందో అడిగింది. ఏమని మాట్లాడిందో."

అంబదాసు నేల మీద పుల్లతో గీశాడు. గీసింది చేత్తో చెరిపాడు.

"నాకు గూడ తెల్వది బావా," అన్నాడు. "ఒక పొద్దుగాల చాయ వెట్టి, సల్లారుతుంది తాగు అన్నది. గంతే. ఎందుకన్నదో నేనెన్నడు అడుగలే."